రావలసింది

ఆ వానాకాలం మా ముందుగదిలో ఒక దెయ్యం ఉండేది. దానికా పేరు పెట్టింది డాక్టరమ్మ.

డాక్టరమ్మ వైద్యం చెయ్యదు. మా అమ్మాయి దగ్గర ప్రోగ్రాములు రాస్తుంది. ఏ తప్పు కనబడిందని చెప్పినా ముందు కళ్ళద్దాలు పైకి తోసుకుని "ఎప్పట్నుంచి?" అంటుంది, జ్వరమని వచ్చినవాణ్ణి అడిగినట్టు. అందుకని అమ్మాయి ఆ పేరు తగిలించింది. మొదట్లో కాస్త ఉడుక్కునేది. తరవాత తనే ఫోనెత్తి "డాక్టరమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలెట్టింది.

వాళ్ళది ఆటలు తయారుచేసే కంపెనీ. కంపెనీ అంటే ఏదో ఊహించుకోకండి. రెండు బల్లలు, మూడు కంప్యూటర్లు, కిటికీ పైన కారే చోట ఒక బకెట్టు. వాళ్ళు చేసిన ఆట కూడా ఒక్కటే. ఇంకా చదవడం రాని పిల్లల కోసం. ఒక బాతుపిల్ల చీకటిపడేలోగా గడ్డి మైదానం, రాళ్ళబాట, వంతెన దాటి ఇల్లు చేరాలి. పిల్లలకి అక్షరాలు రావు కనక ఆటంతా ఒక బామ్మ గొంతు నడిపిస్తుంది. అటు కాదు ఇటు, నెమ్మదిగా, చూసి నడు, అని.

ఆ బామ్మ గొంతు మా ఆవిడది.

పడగ్గదిలో తెరలు వేసుకుని, ఫ్యాను ఆపేసి, తన ఫోనులోనే చెప్పింది అదంతా. పక్కన అమ్మాయి కూచుని చెప్పించింది. ఆట బయటికొచ్చిన కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. ఊపిరితిత్తుల జబ్బు. తెలిసేసరికే ఆలస్యమైపోయింది.

అప్పట్నుంచి నేను రోజూ ఆ ఆట ఆడతాను. ఎందుకు ఆడతానో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పైగా అమ్మాయి దాన్నొక ఉద్యోగం కింద మార్చి నా పరువు కాపాడింది. ఆటలో ఏ చిన్న మార్పు చేసినా, పాతవన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయో లేదో మొదట్నుంచి ఆడి చూడాలి. అది నా పని. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. ఒక వాక్యం సరిచేస్తే పేజీ చివర ఇంకో మాట జారిపోతుందని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వానలు పట్టేముందు నా కుడికంటికి శుక్లం తీశారు. కొన్నాళ్ళు తెర వైపు చూడొద్దన్నారు. మళ్ళీ కుర్చీలో కూచున్న రోజు బామ్మ "పదవే బంగారం" అనగానే ప్రాణం లేచొచ్చింది. ఇంత తేటగా ఎప్పుడూ విన్నట్టు లేదు. కంటితోపాటు చెవులు కూడా కడిగారేమో అని అమ్మాయితో అన్నాను. అది బొమ్మ గీసుకుంటూ ఊఁ అంది, తల ఎత్తలేదు.

ఒక్క తేడా మాత్రం వచ్చింది. వంతెన దగ్గర పడిపోవడం మొదలెట్టాను. అంతకుముందు కళ్ళు మూసుకుని దాటేవాణ్ణి. ఇప్పుడు రెండో పలక మీద అడుగు వెయ్యబోయి తప్పిపోవడం, బాతుపిల్ల వాగులో పడటం. పడినప్పుడల్లా బామ్మ నవ్వుతూ "పడ్డావా? పర్లేదులే, మళ్ళీ వద్దాం" అనేది.

"బాబాయిగారూ, ఇది ఎప్పట్నుంచి?" అంది డాక్టరమ్మ.

కన్ను ఆపరేషను తరవాతేనమ్మా అన్నాను. లోతు అందడం లేదేమోనని కంటిడాక్టరుకి చూపించుకున్నాను కూడా. ఆయన వెలుగు వేసి చూసి, కన్ను బంగారంలా ఉందన్నాడు. డాక్టరమ్మకి ఇదొక వేడుకైపోయింది. నా బాతు వంతెన దగ్గరికి రాగానే పని ఆపి కుర్చీ ఇటు తిప్పుకునేది. పడగానే చప్పట్లు.

నిజానికి ఆ వంతెనలో ఒక పెద్ద తెలివితక్కువతనం ఉంది. బాతు నీళ్ళలో పడితే ఓడిపోవడం ఏమిటి? అమ్మాయి ఆట అంతా అల్లాక, ఆ మాట చెప్పించేటప్పుడు వాళ్ళమ్మే మొదట పట్టుకుంది. "బాతు నీళ్ళలో మునుగుతుందా ఎక్కడైనా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని నవ్వి, ఆ నవ్వు ఆపుకోలేక నవ్వుతూనే ఆ మాట చెప్పేసింది. వంతెన మార్చడానికి అప్పటికి టైము లేదు. నవ్వు కూడా అలాగే ఉండిపోయింది. పిల్లలెవరూ ఆ తప్పు అడగలేదు. పడితే నవ్వు వినబడుతుంది కదా, వాళ్ళు కావాలని పడేవాళ్ళట.

ఇంతలో ఒక నర్సరీ బడులవాళ్ళు ఆట తీసుకుంటామన్నారు. తమ బడులన్నిటిలో పెడతారు, కానీ ఇంకో భాగం కలపాలి, వానలు తగ్గేలోగా ఇవ్వాలి. వాళ్ళు గనక తీసుకుంటే ముందుగది కంపెనీ నిలబడుతుంది, లేకపోతే అమ్మాయి మళ్ళీ ఎక్కడో ఉద్యోగం వెతుక్కోవాలి. ఇద్దరూ రోజుకో మార్పు చెయ్యడం మొదలెట్టారు. పడవకి రంగు మారిస్తే కప్ప అరవడం మానేసింది. కప్పని సరిచేస్తే చంద్రుడు రెండుసార్లు లేచాడు. నేను మొదట్నుంచి ఆడి ఒకటి పట్టుకునేలోపు ఇంకోటి పాడయ్యేది.

"బాబాయిగారు ఒక్కరే ఎన్నని చూస్తారక్కా. ఆట తనను తనే ఆడుకుని చూసుకోవాలి" అని డాక్టరమ్మ కూచుంది.

అలా పుట్టింది దెయ్యం. మనిషి ముట్టుకోకుండా బాతుపిల్ల దానంతటది నడుస్తుంది, గంతులేస్తుంది, తలుపు తడుతుంది. అడుగడుక్కీ ఏం జరగాలో ముందే చెప్పి ఉంచితే, జరిగినదానితో పోల్చుకుంటుంది. సరిపోతే పచ్చగీత, తేడా వస్తే ఎర్రగీత. నా కడుపు కొడుతున్నావు కదమ్మా అని డాక్టరమ్మతో అన్నాను. మీరు లేందే దెయ్యానికి బుద్ధి ఎక్కడిది, మీరు చెప్పండి నేను రాస్తా అంది. ఆట అంతా నాకు నోటికొచ్చు. బుట్ట ముట్టుకుంటే బామ్మ ఏమనాలి, తలుపు దగ్గర ఆలస్యం చేస్తే ఏమనాలి, చెప్పుకుంటూ పోయాను. ఎవరికో మా ఇంటి సంగతులు చెబుతున్నట్టుండేది.

నాకు అర్థం కావాలని తెర మీద వచ్చే మాటలన్నీ తెలుగులో పెట్టింది. 'రావాల్సింది' అని ఒక పక్క, 'వచ్చింది' అని ఒక పక్క. అలవాటు చొప్పున 'రావలసింది' అని దిద్దించాను. దెయ్యానికి కూడా ప్రూఫులా అని వాళ్ళిద్దరూ ఒకటే నవ్వు.

ఒకరోజు రెండు మాటలు తారుమారయ్యాయి. రాళ్ళబాట మీద "నెమ్మదిగా" అనాల్సిన బామ్మ "పరుగెత్తు పరుగెత్తు" అంది. ఏ మాట పలకాలో ఆటకి చెబితే సరిపోదనీ, పలికిన చప్పుడునే అసలు రికార్డింగుతో పోల్చాలనీ డాక్టరమ్మ తేల్చింది. అసలువి ఎక్కడున్నాయని అడిగింది. అమ్మాయి ఆ రోజు బడులవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. నేను లోపలికి వెళ్ళి మా ఆవిడ ఫోను తెచ్చిచ్చాను. దాన్ని నేను చార్జింగు పెడుతూనే ఉన్నాను. లోపలున్నవి మాత్రం ఎన్నడూ తెరవలేదు. ఆటలో వినడం వేరు, అక్కడ బాతు ఉంటుంది, పని ఉంటుంది. ఫోనులో ఉత్త ఆవిడే ఉంటుంది.

ఆ సాయంత్రం దెయ్యాన్ని వదిలితే తెరంతా ఎర్రగీతలు. బామ్మ ఏ మాట అన్నా అంతే.

'రావలసింది రాలేదు. రావలసింది రాలేదు. రావలసింది రాలేదు.'

"దీనికి చెవుడు వచ్చినట్టుంది" అంది డాక్టరమ్మ, వెళ్ళిపోతూ. ఆ వరసలో ఒక్కటి మాత్రం పచ్చగా ఉంది. దాన్ని నేను చూశాను గానీ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్న టీ పట్టుకెళ్ళేసరికి డాక్టరమ్మ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర కేసి చూస్తోంది. నన్ను చూసి తీసేసింది. ఎప్పుడూ గ్లాసు చేతిలో పడకముందే కబుర్లు మొదలెట్టే పిల్ల, టీ పక్కన పెట్టేసింది.

"తప్పు దెయ్యానిది కాదనుకుంటా" అంది. "కూచోండి బాబాయిగారూ."

ముందు ఆటలోది వినిపించింది. "నెమ్మదిగా. కింద రాళ్ళున్నాయి." నేను రోజూ వినేదే. తరవాత ఫోనులోది వినిపించింది.

"నెమ్మదిగా." ఒక ఊపిరి. "కింద..." ఇంకో ఊపిరి, లోపల ఎక్కడో గాలి సన్నగా ఈల వేసినట్టు. "రాళ్ళున్నాయి."

మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టింది. తెర మీద రెండు గొంతులూ రెండు అలల్లా ఉన్నాయి. ఒకటి ఇస్త్రీ చేసిన బట్టలా నున్నగా ఉంది. రెండోది అక్కడక్కడా తెగి ఉంది. ఆ తెగినచోటల్లా మా ఆవిడ ఊపిరి పీల్చుకుంటోంది.

చేతిలో నా గ్లాసు ఎప్పుడు ఒలికిందో తెలీదు. డాక్టరమ్మ లేచి గుడ్డ తెచ్చి తుడుస్తుంటే అప్పుడు చూసుకున్నాను.

అమ్మాయి గొడుగు దులుపుకుంటూ వచ్చింది. బల్ల మీద వాళ్ళమ్మ ఫోను చూసింది, తెర చూసింది. గొడుగు మడవకుండా అలాగే నిలబడింది.

"ఎవరిదే ఆ గొంతు?" అన్నాను.

"ఎవరిదీ కాదు నాన్నా."

వాన చప్పుడులో నేను సరిగా వినలేదనుకుని మళ్ళీ చెప్పింది. "ఎవరిదీ కాదు. అమ్మ గొంతు ఇచ్చి మిషనుకి నేర్పించాను. నీ కన్ను ఆపరేషనప్పుడు మార్చేశాను."

లేచి వంటింట్లోకి వెళ్ళాను. కడిగి బోర్లించిన గిన్నెలన్నీ తీసి మళ్ళీ కడిగాను. చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక నిలబడ్డాను. మందుల షాపతను ఏం కావాలి సార్ అని అడిగాడు. ఏమీ లేదన్నాను. తడుస్తున్నారు సార్ అని స్టూలు లాగి లోపల వేశాడు. వాన తగ్గేదాకా ఇంకేమీ అడగలేదు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

అమ్మాయి మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. కానీ స్టూలు మీద కూచున్నప్పుడు నన్ను వణికించింది అది కాదు. నేను గుర్తుపట్టలేదు. కాపురమంతా విన్న గొంతు. గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతుంటే లోపల్నుంచే ఆవిడకి తలనొప్పిగా ఉందని చెప్పగలిగేవాణ్ణి. అలాంటివాణ్ణి రోజూ ఎదురుగా కూచుని, ఎవరిదీ కాని గొంతు విని కడుపునిండి లేచాను. చెవులు కూడా కడిగారని మెచ్చుకున్నాను. ప్రూఫులు దిద్దేవాడు అర్థం కోసం చదవకూడదని మా పెద్ద ప్రూఫురీడరు చెప్పేవాడు. అర్థం కోసం చదివితే లేని అక్షరాన్ని మనసే పెట్టేసుకుంటుంది. నేను అదే చేశాను. దెయ్యానికి మనసు లేదు, మొహమాటం లేదు. అది చెప్పింది, రావలసింది రాలేదని.

కొన్నాళ్ళు ముందుగదిలోకి వెళ్ళలేదు. అమ్మాయి అన్నం పెట్టేది, నేను తినేవాణ్ణి. కూర ఎలా ఉందంటే బాగుందనేవాణ్ణి. అంతే మాటలు. డాక్టరమ్మ మధ్యలో నలిగిపోయింది పాపం. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, ఆట ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోందని చెప్పింది. ఎర్రగీతలుండగా బడులవాళ్ళకి పంపరు. దెయ్యం ఒక ప్రశ్న అడుగుతోందట. వచ్చినదాన్నే ఇకనుంచి రావలసిందిగా ఉంచుకోనా, అని. ఊఁ అంటే గీతలన్నీ పచ్చబడిపోతాయి. ఇకమీదట ఎవరు పోల్చినా ఆ నున్నటి గొంతుతోనే పోలుస్తారు.

"అక్క నొక్కనంటోంది. మిమ్మల్నే అడగమంది" అంది.

ఆ మధ్యాహ్నం అమ్మాయే ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చింది. మంచం మీద కాకుండా నేల మీద కూచుంది, చిన్నప్పుడు మార్కులు తక్కువ వస్తే కూచున్నట్టు. ఒక రికార్డింగు పెట్టింది.

మా ఆవిడ "అదిగో, మన ఇల్లు" అంటోంది. మధ్యలో ఊపిరి. వెంటనే అమ్మాయి గొంతు, విసుగ్గా. "మళ్ళీ చెప్పమ్మా. ఊపిరి వినబడుతోంది." మళ్ళీ చెప్పింది. "మళ్ళీ. ఆగకుండా చెప్పు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?" మళ్ళీ చెప్పింది.

"అప్పటికి మనకి తెలీదు నాన్నా" అంది అమ్మాయి. "తెలీదు గానీ, నేను వింటూనే ఉన్నాను కదా. అందరికంటే ముందు నేను విన్నాను. దాన్ని తప్పు అనుకున్నాను. రికార్డింగులో తప్పు. నీ కన్ను ఆపరేషనప్పుడు నీ బదులు నేను ఆడి చూస్తే అడుగడుక్కీ ఆ ఊపిరే. పని చెయ్యలేకపోయాను. నువ్వు రోజూ ఎలా వింటున్నావో కూడా అర్థం కాలేదు. అందుకని తీసేశాను."

ఫోనులో ఇంకా నడుస్తోంది. ఆపబోయింది. ఉండనీ అన్నాను.

అమ్మాయి గొంతు ఫోనులో మళ్ళీ అంది, ఊపిరి వినబడుతోందమ్మా అని. ఈసారి మా ఆవిడ నవ్వింది. "వినబడితే మంచిదేగదే పిచ్చిమొహమా. వినబడకపోతే కదా కంగారు పడాలి."

బయట ఎవరి బండో స్టార్టు కాక మొరాయిస్తోంది. అది స్టార్టయి వెళ్ళిపోయాక, నేను అమ్మాయి తల మీద చెయ్యి వేశాను. అది అలాగే తల వంచుకుని, "ఒక్కటి మాత్రం మార్చలేదు నాన్నా" అంది. "వంతెన దగ్గరది. ఆ నవ్వు మిషనుకి రాలేదు. ఎన్నిసార్లు చేయించినా దగ్గినట్టొచ్చింది. అందుకని అమ్మదే ఉంచేశాను."

తెర మీద ఒక్కటి పచ్చగా ఉండటం అప్పుడు గుర్తొచ్చింది. ఆపరేషను తరవాత నేను పడుతూ వచ్చింది కూడా సరిగ్గా అక్కడేనని గుర్తొచ్చింది. దాన్ని అమ్మాయికి చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది. నా చేతి వేళ్ళ కేసి చూసుకుంటూ కూచున్నాను.

దెయ్యానికి వద్దని చెప్పించాను. పాత మాటలన్నీ ఊపిరితో సహా వెనక్కి వచ్చాయి. కొత్త భాగానికి బామ్మ చేత లేని మాటలు చెప్పించొద్దన్నాను. మరి ఎవరు చెబుతారని వాళ్ళిద్దరూ తర్జనభర్జన పడ్డారు. చివరికి బాతుపిల్ల ఇల్లు చేరాక తలుపు తీసేది వాళ్ళమ్మ అని కథ మార్చి, ఆ తల్లి మాటలు అమ్మాయే చెప్పింది. అవే తెరలు, ఫ్యాను ఆపేసిన అదే గది. ఈసారి పక్కన నేను కూచున్నాను. నాలుగో మాట మధ్యలో ఆగిపోయింది. ఇంకోసారి చెబుతానంది. అక్కర్లేదు, బాగానే ఉందన్నాను.

బడులవాళ్ళు విన్నారు. బామ్మకి ఆయాసమా అని ఒకావిడ అడిగిందట. అవునండీ, ఆవిడకి ఆయాసం, అయినా దారి చెబుతుంది అని డాక్టరమ్మ జవాబిచ్చిందట. ఇంకేమీ అడగకుండా తీసుకున్నారు.

పంపేరోజు వాన వెలిసింది. కిటికీ కింద బకెట్టు ఖాళీగా ఉంది. దెయ్యం మొదట్నుంచి చివరిదాకా ఆడింది. అన్నీ పచ్చగీతలే. అయినా డాక్టరమ్మ కుర్చీ లాగి, మనిషి కూడా ఒకసారి చూడాలి, కూచోండి బాబాయిగారూ అంది.

ఆడాను. గడ్డి మైదానం దాటాను. రాళ్ళబాట మీద ఆవిడ ఊపిరి తీసుకున్న చోటల్లా నేనూ ఆగాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ అలవాటుగా చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకుంది. అమ్మాయి కూడా లేచి వచ్చి వెనక నిలబడింది.

మొదటి పలక. రెండోది. మూడోది. బాతుపిల్ల అవతలి గట్టు ఎక్కింది.

డాక్టరమ్మ చేతులు అలాగే ఉండిపోయాయి. "అరె, దాటేశారు. కన్ను బాగైందా? ఎప్పట్నుంచి?"

"కన్ను మొదట్నుంచీ బాగానే ఉందటమ్మా" అన్నాను.

అవతలి గట్టు మీద బామ్మ చెప్పే మాట ఒకటుంది. వంతెన దాటితేనే వినబడుతుంది. ఆ వానాకాలమంతా నేను దాన్ని ఆవిడ గొంతులో వినలేదు.

"వచ్చావా," అంది. ఊపిరి తీసుకుంది. "రా."